నాన్న వైపు నుంచి వచ్చిన జన్యువు

అక్క నడుము పెరిగిందని మొదట గమనించింది తెలిపారా బజారులో మా బట్టలు కుట్టే టైలరు. ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గరే కుట్టిస్తున్నాం. ఆ రోజు అక్క కొలతలు తీసుకుని, తన పుస్తకంలో ఉన్న పాత కొలతల పక్కన పెట్టి చూసి, చేతులు సన్నబడ్డాయి, నడుము మాత్రం రెండు అంగుళాలు పెరిగింది, ఇదెలాగ దీదీ అని హిందీలో అడిగాడు. వయసొచ్చింది కదా భయ్యా అని అక్క నవ్వింది. నేను పక్కనే నిలబడి లైనింగు గుడ్డ ఎంచుకుంటున్నాను. నాకేమీ తోచలేదు.

అప్పుడు అక్కకి నలభై ఆరు, నాకు నలభై ఒకటి. బావ లోకో షెడ్డులో టెక్నీషియన్. వాళ్లు రైల్వే క్వార్టరులో ఉంటారు. పిల్లలు లేరు. మేము నదికి ఇవతల సర్కండాలో సొంత ఇంట్లో ఉంటాం. నేను ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. మా ఆయన బొగ్గు కంపెనీలో ఉద్యోగం. మా ఒక్కగానొక్క అమ్మాయి సగం అక్క చేతుల్లోనే పెరిగింది. అమ్మ గుండెపోటుతో పోయాక, గూడ్సు బళ్లు నడిపి డ్రైవరుగా రిటైరైన నాన్న మా దగ్గరే ఉంటున్నాడు.

టైలరు దగ్గరికి వెళ్లిన నెలకి అక్క మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఎప్పుడూ నాలుగు ఇడ్లీలు తినే మనిషి ఒకటి తిని ప్లేటు పక్కకి జరిపింది. ఏమైందని అడిగాను.

"ఒకటి తింటే చాలు, కడుపు నిండిపోతంది. ఏటో మరి, గ్యాసనుకుంటా" అంది.

డాక్టరూ గ్యాసే అన్నాడు. మందులు రాశాడు. అవి పనిచేయకపోతే వేరే మందులు రాశాడు. అలా నాలుగు నెలలు గడిచాయి. చివరికి బావ పట్టుబట్టి స్కానింగు చేయించాడు. స్కాన్ తీసే అమ్మాయి అప్పటిదాకా కబుర్లు చెబుతూ ఉన్నదల్లా మధ్యలో మాట ఆపేసిందట. అక్క ఆ తర్వాత నాతో ఎన్నోసార్లు చెప్పింది, రిపోర్టు కన్నా ఆ అమ్మాయి నోరు మూసుకోవడమే తనకి ముందు తెలిసిందని. కడుపులో నీరు చేరింది. రెండు అండాశయాల దగ్గరా గడ్డలున్నాయి. రక్తపరీక్షలో క్యాన్సర్‌ని సూచించే అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది.

రాయపూరులో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకెళ్లాం. పొద్దున్న రైలెక్కితే రెండు గంటల ప్రయాణం. ఆ దారిలో నేను ఎన్నిసార్లు వెళ్లి ఉంటానో లెక్కలేదు, పెళ్లిళ్లకీ పరీక్షలకీ. ఆ రోజు మాత్రం కిటికీలోంచి ఏం కనబడిందో నాకు ఒక్కటీ గుర్తులేదు. అక్క చెయ్యి నా ఒళ్లో ఉంది. చల్లగా ఉంది. అంతే గుర్తుంది.

అక్కడి డాక్టరుగారు యాభై దాటిన ఆవిడ. నెమ్మదిగా మాట్లాడతారు. ముక్క పరీక్షలో అండాశయ క్యాన్సర్ అని తేలాక, ముందు కొన్ని కీమోలు ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేసి, మళ్లీ కీమో ఇస్తామన్నారు. ఆ తర్వాత కాగితం మీద ఒక గీత గీసి, మీ కుటుంబంలో ఎవరికైనా రొమ్ములోగానీ అండాశయంలోగానీ క్యాన్సర్ వచ్చిందా అని అడిగారు. అమ్మ గుండెతో పోయింది, అమ్మమ్మ ఎనభై దాటి బతికింది, పెద్దమ్మలకి ఎవరికీ ఏమీ లేదు అని చెప్పాను. ఆవిడ రాసుకుని, తల ఎత్తి, మరి నాన్న వైపు అన్నారు.

నేను పదిహేనేళ్లుగా పదో తరగతికి అనువంశికత పాఠం చెబుతున్నాను. ప్రతి జన్యువూ జంటగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి అని నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత వంద సార్లు చెప్పించి ఉంటాను. కానీ ఆడవాళ్ల జబ్బు అనేసరికి నా బుర్ర అమ్మ వైపుకి తప్ప ఇంకెటూ పోలేదు. నాన్న వైపు ఏమీ లేదండీ అన్నాను. అది అబద్ధమని నాకు అప్పుడు తెలియదు.

ఏదేమైనా అక్క రక్తం జన్యుపరీక్షకి పంపించారు. ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష చేయిస్తామని చెప్పారు. నాలుగు వారాలకి ఫలితం వచ్చింది. బీఆర్‌సీఏ వన్ అనే జన్యువులో అక్కకి పుట్టుకతోనే తప్పు ఉంది.

ఆ రోజు డాక్టరుగారు మాకు ఓపిగ్గా చెప్పారు. మన ఒంట్లో కణం రెండయ్యే ప్రతిసారీ ఎక్కడో ఒక పొరపాటు దొర్లుతూనే ఉంటుంది. వాటిని సరిదిద్దే పనిలో ఉండే జన్యువుల్లో ఇదొకటి. అందరికీ దాని ప్రతులు రెండుంటాయి. అక్కకి పుట్టినప్పటి నుంచీ ఒకటి పాడై ఉంది, రెండోది పనిచేస్తోంది, కాబట్టి ఇన్నేళ్లూ గడిచిపోయింది. ఎప్పుడో, ఒకే ఒక్క కణంలో, ఆ రెండోది కూడా పోయింది. అప్పటి నుంచి ఆ కణంలో పొరపాట్లు దిద్దేవాళ్లు లేరు. ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. ఆ కణం ఆగకుండా పెరగడం నేర్చుకుంది. ఇదంతా జరగడానికి ఏళ్లు పడుతుందట. చాలామందికి మొదలయ్యేది అండాశయంలో కూడా కాదు, దాని పక్కనుండే ఫెలోపియన్ నాళం చివరలో.

అక్క అంతా విని, "అయితే నేను తిన్నదాని వల్ల కాదన్నమాట" అంది. నాలుగు నెలలుగా బయట తిన్న చాట్, వాడిన నూనె, కొత్త కుక్కరు, ప్రతిదాన్నీ తప్పుపట్టుకుంటూ ఉంది పాపం. ఆవిడ కాస్త తేలికపడటం చూసి నాకు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే డాక్టరుగారు నా వైపు తిరిగారు. మీరు సొంత చెల్లెలు కదా, మీకూ ఉండే అవకాశం సగం సగం అన్నారు.

నేను రక్తం ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. స్కూల్లో పరీక్షలని ఒక వారం, అక్క కీమో అని ఒక వారం, జలుబని ఒక వారం దాటేశాను. ఈ మూడు వారాల్లోనూ నా కడుపు నాకు శత్రువైపోయింది. అన్నం తినగానే నిండుగా అనిపిస్తే ఒళ్లు చల్లబడేది. బాత్రూములో తలుపు గడియపెట్టుకుని, నాడా ముడి నిన్న ఎక్కడ పడిందో ఈ రోజు ఎక్కడ పడిందో చూసుకునేదాన్ని. ఒక రోజు తొమ్మిదో తరగతిలో పాఠం మధ్యలో చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. పిల్లలు చూస్తున్నారని ఎంతసేపటికో తెలిసింది.

చివరికి రక్తం ఇచ్చాను. ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఆ వారాల్లోనే ఒక మధ్యాహ్నం నాన్నని అడిగాను. ఆయన వరండాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. నాన్నా, మీ వైపు ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా అని అడిగాను. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. వినబడలేదేమో అనుకుని మళ్లీ అడగబోయాను.

"మా అప్ప" అన్నాడు.

నాన్న తన అక్కని అప్ప అనే పిలిచేవాడు. అత్త నాకు గుర్తుంది. నాకు ఆరేళ్లప్పుడు మా క్వార్టరులో మూడు నెలలు ఉంది. పిల్లలు పుట్టకుండానే మామయ్య పోతే, ఒంట్లో బాగాలేదని నాన్న శ్రీకాకుళం దగ్గర ఊరి నుంచి తీసుకొచ్చాడు. ముందు గదిలో మంచం మీద పడుకుని ఉండేది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి, పొట్ట మాత్రం ఇంతెత్తున ఉండేది. అత్తా, పాప ఎప్పుడు పుడతుంది అని అడిగాను నేను. ఆవిడ నవ్వి నా చేతిని పొట్ట మీద పెట్టుకుంది. అమ్మ లోపలి నుంచి వచ్చి నన్ను రెక్కపట్టుకుని లాక్కుపోయింది. తర్వాత కొన్నాళ్లకి అత్త చనిపోయింది. కడుపులో నీరు పట్టి పోయిందని చెప్పుకునేవారు. ఇన్నేళ్లూ నా మనసులోనూ అది కామెర్లలాంటి ఏదో జబ్బుగానే ఉండిపోయింది. అత్తకి అప్పుడు నలభై మూడేళ్లట.

"మా అమ్మా అలగే పోనాది. కడుపులో గడ్డనీవోరు. నాకప్పటికి పదేళ్లు" అన్నాడు నాన్న. "నాను మగోడ్ని కదా, నా వల్ల మీకేటి వస్తాది అనుకున్నానమ్మా."

ఆయన లేచి లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాత్రి భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

నా ఫలితం చెప్పడానికి ఫోన్ వచ్చినప్పుడు నేను స్కూలు నుంచి షేరింగు ఆటోలో క్వార్టరుకి అక్కని చూడ్డానికి వెళ్తున్నాను. ఆటో అర్పా నది వంతెన మీద ఉంది. ఆస్పత్రిలో జన్యుపరీక్షల గురించి వివరించే కౌన్సిలరు అమ్మాయి ఎక్కడున్నారు, పక్కన ఎవరైనా ఉన్నారా, కాసేపాగి మాట్లాడదామా అని అడిగింది. ఆ ప్రశ్నలతోనే నాకు అర్థమైంది. ఇప్పుడే చెప్పమన్నాను. చెప్పింది. వంతెన దాటగానే దిగిపోయాను. అక్కడ ఒక కొబ్బరిబోండాల బండి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. బండివాడు అడగకుండానే ఒక బోండాం కొట్టి చేతికిచ్చాడు. నా మొహం ఎలా ఉందో మరి. తాగలేదు. అలా పట్టుకునే కూర్చున్నాను. నా గురించి భయపడటానికి నాకు పట్టిన సమయం ఒక్క నిమిషం. ఆ తర్వాత ఇక మా అమ్మాయే.

ఆ తర్వాత నాన్న తనంతట తానే రక్తం ఇచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల వయసులో మీకెందుకని ల్యాబువాడు అడిగితే, తెలుసుకోవాలని అన్నాడట. ఆయనకీ ఉంది. అనుమానం లేకుండా అటునుంచే వచ్చింది.

డాక్టరుగారు నాకు చెప్పింది ఇది. నా ప్రమాదం ఎంతో ఒక అంకె చెప్పారు. అది ఇక్కడ రాయలేను, ఆ అంకె నా తలలోంచి ఇంకా పోలేదు. ఏటా స్కానింగు చేయిస్తూ కనిపెట్టుకుని ఉందామంటే ఈ జబ్బుని ముందే పట్టుకునే పరీక్ష ఏదీ గట్టిగా పనిచేయదట. రొమ్ములకైతే ఏటా ఎంఆర్ఐ తీస్తూ చూసుకోవచ్చు. అండాశయాలకి అలాంటి దారి లేదు. నాళాలతో సహా తీసేయడం మంచిది, నా వయసుకి ఇప్పటికే ఆలస్యమైంది అన్నారు.

ఏ బాధా లేని మనిషిని, నా కాళ్ల మీద నేను నడిచి వెళ్లి, బాగున్న అవయవాలు తీసేయమని అడగాలి. తీసేసిన మర్నాటి నుంచే నెలసరి ఆగిపోతుంది. ఒంట్లో సెగలు, నిద్రలేమి, ఎముకలు బలహీనపడటం, అన్నీ పదేళ్లు ముందే వస్తాయి. మా ఆయన నువ్వెలా అంటే అలా అన్నారు. అది ప్రేమేనని తెలుసు, కానీ ఆ మాటతో భారమంతా మళ్లీ నా మీదే పడింది. నేను వాయిదా వేయాలనుకున్నాను. అమ్మాయి కాలేజీలో మొదటి సంవత్సరం. అక్కకి ఆపరేషన్ ఇంకా అవ్వలేదు. ఒక్క ఏడాది ఆగుదాం, అక్క కాస్త కోలుకున్నాక నా సంగతి చూసుకోవచ్చు అని ఇంట్లో చెప్పాను. అందరూ సరేనన్నారు, నాన్న తప్ప.

మర్నాడు నేను స్కూలుకి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆపాడు.

"అప్పని బేగి రాయపూరు తీసుకెళ్లమని అప్పట్లో రైల్వే ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. నాకు సెలవు దొరకలేదని మీ అమ్మతో అన్నాను. అది అబద్ధం. నాను సెలవే అడగలేదు. వెళ్తే ఏటి చెప్తారో అని భయం. నువ్వలగ చెయ్యకమ్మా."

ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి ఆ మాట ఒక మనిషికి చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా మొహం వైపు చూడలేదు. నా బ్యాగు పట్టీనే చూస్తున్నాడు. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములోంచే ఆస్పత్రికి ఫోన్ చేసి తేదీ తీసుకున్నాను.

అక్కకి ఆపరేషన్ అయిన ఐదు వారాలకి నాకూ అదే ఆస్పత్రిలో, అదే అంతస్తులో అయింది. నన్ను లోపలికి తీసుకెళ్లేముందు అక్క వచ్చింది. జుట్టు లేని తల మీద పసుపుపచ్చ స్కార్ఫు కట్టుకుని, బావ చెయ్యి పట్టుకుని. నాకోసం రావద్దన్నా వినలేదు. నా పాదాల మీద దుప్పటి సరిచేసింది. నాకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చలికి అనుకున్నారు నర్సులు.

ఆపరేషన్ చిన్నదే. పొట్ట మీద మూడు చోట్ల చిన్న కుట్లు. రెండో రోజు ఇంటికొచ్చాను. తీసినవన్నీ పరీక్షకి పంపారు, మామూలుగా పంపుతాం, కంగారేమీ లేదు అన్నారు. అందుకని ఆ రిపోర్టు గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. ఇన్నాళ్లలో నేను భయపడనిది ఆ పది రోజులే.

కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారు తలుపు వేసి కూర్చున్నారు. కుడివైపు నాళం చివర, కంటికి కనబడనంత చోట, కణాలు మారడం మొదలుపెట్టాయట. ఇంకా పైపొర దాటలేదు. ఎక్కడికీ పాకలేదు. కానీ మొదలైంది. అక్క కడుపులో ఏళ్ల క్రితం ఏది మొదలై ఉంటుందో, అది నాలో మొదలైన చోటే ఆగింది. ఏడాది ఆగి ఉంటే అని మా ఆయన సగం అడిగి ఊరుకున్నారు. ఆవిడ చెప్పలేను అన్నారు.

కాపాడబడ్డానని సంతోషించాలి కదా. నాకు భయమే వేసింది. ఇన్నాళ్లూ అది వస్తుందేమో అన్న భయం. అది అప్పటికే నా లోపల ఉందని, నేను పాఠాలు చెబుతూ, పచ్చళ్లు పెడుతూ, టైలరు దగ్గర గుడ్డలు ఎంచుకుంటూ తిరుగుతున్నప్పుడు కూడా ఉండి ఉంటుందని తెలిస్తే పుట్టే భయం వేరు. ఆపరేషన్ సమయంలో కడుపు కడిగిన నీళ్లలో చెడ్డ కణాలు లేవన్నారు. ఇంకో స్కాన్ తీశారు, శుభ్రంగా ఉంది. కీమో అక్కర్లేదు, కొన్నాళ్లకోసారి వచ్చి చూపించుకోమన్నారు. పూర్తిగా పోయినట్టేనా అని అడిగాను. చాలావరకు అన్నారు. ఆ మాటతోనే ఇంటికొచ్చాను.

మా అమ్మాయికి అన్నీ చెప్పాం గానీ తనదాకా వచ్చే సంగతి నేను ఎత్తలేదు. అదే ఎత్తింది. తెలుగు చదవడం రాదు దానికి, ఇంగ్లీషు రిపోర్టులు మాత్రం నా ఫైల్లోంచి తీసి అన్నీ చదివేసింది. నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మమ్మీ, నాక్కూడా ఉందా?"

తెలియదన్నాను.

"కబ్ పతా చలేగా?" ఎప్పుడు తెలుస్తుందని.

దాని వయసుకి ఇప్పుడే తొందర లేదని, ఇంకొన్నేళ్లయ్యాక తనకి కావాలనిపిస్తే చేయించుకోవచ్చని, చేయించుకోవాలో వద్దో తనే నిర్ణయించుకోవాలని డాక్టరుగారు చెప్పిన మాటలే చెప్పాను. అచ్ఛా అంది. నాతోపాటు దుప్పటి రెండో కొస పట్టుకుని మడతపెట్టి, చదువుకోవాలని గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకున్న చప్పుడు విన్నాను. వెళ్లి తట్టాలా వద్దా అని తలుపు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను.

ఇదంతా జరిగి ఏడాదిన్నర. అక్కకి కీమోలు అయిపోయి, ఇప్పుడు మాత్రలు వాడుతోంది. అవి ఇలాంటి జన్యులోపం ఉన్నవాళ్లకి బాగా పనిచేసే మాత్రలట. పొరపాట్లు దిద్దుకునే దారి ఆ క్యాన్సర్ కణాలకి ఒకటి ముందే పోయింది కదా, మిగిలిన దారినీ ఈ మందు మూసేస్తుంది, దాంతో అవి చచ్చిపోతాయి అని డాక్టరుగారు చెప్పారు. అక్కకి నీరసం ఉంది, రక్తం తగ్గుతూ ఉంటుంది. జుట్టు మాత్రం ఉంగరాలుగా వచ్చింది, ఇంతకు ముందు అలా ఉండేది కాదు. మూడు నెలలకోసారి పరీక్ష. ఆ వారం రోజులూ ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు. బావ వంట చేస్తాడు.

నాన్న ఈ మధ్య అత్త గురించి మాట్లాడుతున్నాడు. ఎలా నవ్వేది, చేపల పులుసు ఎలా వండేది, తనని చిన్నప్పుడు చంకనేసుకుని ఎక్కడెక్కడ తిప్పేది. మా అమ్మాయి హిందీలో అడుగుతుంది, ఆయన తెలుగులో చెబుతాడు. ఒక్కోసారి మధ్యలో ఆగి దాని మొహం వైపు అలా చూస్తూ ఉండిపోతాడు. ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. నేనూ అదే చూస్తున్నాను కాబట్టి.

వచ్చే మంగళవారం నాకు రొమ్ముల ఎంఆర్ఐ. స్కూల్లో సెలవు పెట్టాను.